బుధవారం పొద్దున వచ్చే రీస్టార్ట్: బలవంతపు అప్‌డేట్ల వెనుక ఉన్న లెక్క

నెల్లూరు ట్రంకు రోడ్డులో గానీ, ఒంగోలు కర్నూలు రోడ్డులో గానీ జిరాక్స్, నెట్ సెంటర్ నడిపేవారికి నెలకొక బుధవారం గండంలా వస్తుంది. షట్టర్ ఎత్తి, అగరువత్తి వెలిగించి సిస్టమ్ ఆన్ చేస్తే, కాసేపటికే అది యజమాని మాట వినడం మానేసి తన పనిలో తాను పడిపోతుంది. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతుంటాయి. కంప్యూటర్‌ను ఆపవద్దని ఒక వాక్యం, దాని పక్కన 27 శాతం అని ఒక అంకె కనిపిస్తాయి. బల్లకు అవతల ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టించుకోవడానికి వచ్చిన విద్యార్థి, వాళ్ల నాన్న నిలబడి ఉంటారు. గడువు ఆ రోజే. పాత హార్డ్‌డిస్కు, 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో ఆ అంకె వందకు చేరడానికి అరగంట పట్టినా పట్టవచ్చు, గంట పట్టినా పట్టవచ్చు.

బుధవారమే ఎందుకన్నదానికి కారణం అమెరికా గడియారంలో ఉంది. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబరు నుంచి విండోస్ అప్‌డేట్లను, అంటే లోపాలను పూడ్చే మరమ్మతులను (ప్యాచ్‌లను), నెలలో రెండో మంగళవారం ఒక్కసారిగా విడుదల చేస్తోంది. అక్కడి పశ్చిమ తీరంలో ఉదయం 10 గంటలంటే ఇక్కడ రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అప్పటికి మన దుకాణాలు కట్టేసి ఉంటాయి కాబట్టి ఆ మూట మన యంత్రాల్లో దిగేది తెల్లవారాకనే.

యంత్రం కొన్నది మనం, కరెంటు బిల్లు కట్టేది మనం. అయినా ఇప్పుడు వద్దు అనే హక్కు ఎందుకు లేదన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి కంపెనీల పెత్తనం అన్న ఒక్క మాటతో జవాబు చెప్పేస్తే సగం నిజమే చెప్పినట్టవుతుంది. మిగతా సగం తెలియాలంటే ఇరవై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

విండోస్ 98 నాటి నుంచే అప్‌డేట్ సదుపాయం ఉంది. అయితే అప్పట్లో అది పూర్తిగా మన ఇష్టం: తీరిక ఉన్నప్పుడు వెబ్‌సైటుకు వెళ్లి, కావలసినవి ఎంచుకొని తెచ్చుకోవాలి. ఆ పద్ధతి ఎంత బలహీనమో 2003 వేసవి తేల్చి చెప్పింది. విండోస్‌లో ఒక ప్రమాదకరమైన లోపానికి ఆ ఏడాది జూలై 16న మరమ్మతు విడుదలైంది. ఆగస్టు 11న, అంటే 26 రోజులకు, అదే లోపం గుండా బ్లాస్టర్ అనే వార్మ్ (ఒక యంత్రం నుంచి మరొకదానికి తనంతట తానే పాకే చెడ్డ ప్రోగ్రామ్) ప్రపంచమంతా పాకింది. దాన్ని అంటించుకోవడానికి ఎవరూ తప్పుడు ఫైలు తెరవనక్కరలేదు, అపరిచిత లింకు నొక్కనక్కరలేదు; మరమ్మతు లేని యంత్రాన్ని ఇంటర్నెట్‌కు తగిలిస్తే చాలు. అరవై సెకన్లలో సిస్టమ్ ఆగిపోతుందన్న హెచ్చరిక రావడం, ఆగిపోవడం, మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే హెచ్చరిక. మందు వచ్చి నెల రోజులు కావస్తున్నా వేసుకోనివారు లక్షల్లో ఉన్నందువల్లనే అది అంత దూరం వెళ్లగలిగింది. మరుసటి ఏడాది ఆగస్టులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్, బయటి నుంచి చొరబాట్లను అడ్డుకునే ఫైర్‌వాల్‌ను ముందుగానే ఆన్ చేసి ఇచ్చింది. అప్‌డేట్లను ఆటోమేటిక్‌గా ఉంచుకొమ్మని తెర నిండా అడిగింది. ఈనాటి బలవంతానికి పునాది అక్కడ పడింది.

ఇక్కడ చాలామంది దృష్టికి రాని సంగతి ఒకటుంది. మరమ్మతు విడుదలైన రోజు నుంచి, దాన్ని వేసుకోని యంత్రానికి ప్రమాదం మునుపటికన్నా పెరుగుతుంది. లోపం ఎక్కడుందో అంతవరకు బహుశా నలుగురికి తెలిసి ఉంటుంది. మరమ్మతు బయటకు వచ్చాక పాత ఫైలును, కొత్త ఫైలును పక్కపక్కన పెట్టి ఏ వరసలు మారాయో చూస్తే, లోపం ఎక్కడుందో మరమ్మతే వేలు పెట్టి చూపిస్తుంది. ఇది చేతనైనవారికి కొద్ది రోజుల పని, కొన్నిసార్లు కొద్ది గంటల పని. కంప్యూటర్ భద్రత రంగంలో ఉన్నవారు మంగళవారాన్ని ప్యాచ్‌ల రోజని, ఆ మర్నాటిని దాడుల బుధవారమని అనుకోవడం ఇందుకే. కాబట్టి, వచ్చే వారం చూద్దాం అని వాయిదా వేయడమంటే, తాళం ఎక్కడ వదులుగా ఉందో ఊరందరికీ తెలిసిన తరువాత కూడా ఆ తాళంతోనే వారం రోజులు పడుకోవడం.

2017లో వచ్చిన వానాక్రై అనే వార్మ్ ఈ లెక్కను ప్రభుత్వాలకు సైతం నేర్పింది. మార్చి 14న మరమ్మతు వచ్చింది, మే 12న దాడి జరిగింది. మధ్యలో 59 రోజులున్నాయి. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా యంత్రాల్లో ఫైళ్లకు తాళాలు పడ్డాయి. తాళం తీయాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమని తెర మీద ఎర్రని కిటికీ తెరుచుకుంది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. పడిపోయిన యంత్రాల్లో అత్యధికం విండోస్ 7వి. మార్చిలో వచ్చిన మరమ్మతు వేసుకున్న యంత్రాలు తప్పించుకున్నాయి. బలవంతపు అప్‌డేట్ల పక్షాన దీన్ని మించిన సాక్ష్యం లేదు.

అయినా నా యంత్రం పాడైతే నష్టం నాదే కదా, మధ్యలో కంపెనీకేమిటన్న వాదన మిగిలే ఉంది. ఈ వాదన ఎక్కడ విరుగుతుందో నెల్లూరు కోస్తాలో రొయ్యల సాగు చేసినవారికి విడమరిచి చెప్పనక్కరలేదు. 1990ల నడుమ తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు ఇందుకూరుపేట, విడవలూరు వైపు సాగు ఎలా కుదేలైందో పెద్దవాళ్లకు గుర్తే. ఒక చెరువులో రొయ్యలు గట్టు వారకు చేరి తేలడం మొదలవుతుంది. ఆ నీళ్లకు బ్లీచింగ్ పట్టించి కొన్నాళ్లు నిలవబెట్టకుండా రాత్రికి రాత్రి తూము ఎత్తి కాలువలోకి వదిలేస్తే, అదే కాలువ నుంచి మోటారు పెట్టి తోడుకునే కింది చెరువుల వాళ్లందరి పంటకూ ముప్పే. చెరువు అతనిదే, రొయ్యలు అతనివే, నష్టమూ మొదట అతనిదే. కానీ కాలువ మాత్రం అందరిదీ. నెట్‌కు తగిలించిన ప్రతి యంత్రం ఇలాంటి ఉమ్మడి కాలువ మీద ఉన్న చెరువే. వైరస్ సోకిన కంప్యూటర్ చాలాసార్లు తన యజమానిని అసలు బాధ పెట్టదు. అది చప్పుడు లేకుండా వేరొకరి చేతిలో పనిముట్టుగా మారి, స్పామ్ ఈమెయిళ్లు పంపుతూ, ఇతర యంత్రాల తలుపులు తడుతూ, ఏదో ఒక బ్యాంకు వెబ్‌సైటును స్తంభింపజేసే గుంపులో ఒకటిగా ఉంటుంది. 2008 చివర మొదలైన కాన్‌ఫికర్ వార్మ్ ఇలాంటి లక్షల యంత్రాలతోనే తన సైన్యాన్ని కట్టుకుంది. దాని లోపానికి కూడా మరమ్మతు ఆ అక్టోబరు 23నే వచ్చి ఉంది. ఒకరి నిర్లక్ష్యానికి మరొకరు మూల్యం చెల్లించే చోట, ఎవరి ఇష్టం వారిదన్న సూత్రం నిలవదు.

రెండో కారణం ఇంతగా మనసుకు పట్టదు గానీ నిజమైనదే. ఒక నెలలో ఇరవై మరమ్మతులు విడివిడిగా ఇచ్చి, కావలసినవి వేసుకొమ్మంటే, ఏది వేసుకున్నారు, ఏది మానుకున్నారు అన్న తేడాలతో పది లక్షలకు పైగా రకాల విండోస్‌లు తయారవుతాయి. రెండును ఇరవైసార్లు హెచ్చవేసి చూస్తే లెక్క తేలుతుంది. అన్నింటినీ పరీక్షించడం ఏ కంపెనీకీ సాధ్యం కాదు. అందుకే 2015 జూలైలో వచ్చిన విండోస్ 10 నుంచి మరమ్మతులు ఒకే మూటగా వస్తున్నాయి. ఈ నెల మూటలో పాత నెలలవి కూడా ఉంటాయి. వేసుకుంటే మొత్తం వేసుకోవాలి. ఆ విడుదలలోనే హోం ఎడిషన్ వాడేవారికి అప్‌డేట్ వద్దనే వీలును దాదాపుగా తీసేశారు. డబ్బు ఎక్కువ పెట్టి ప్రో ఎడిషన్ కొన్నవారికి వాయిదా వేసుకునే అవకాశం మిగిలింది.

ఇంతవరకు బలవంతానికి సమర్థన దొరుకుతుంది. దొరకనిది ఆ తరువాతి భాగంలో. తలుపు బలవంతంగా తెరిపించే అధికారం ఒకసారి చేతికి వచ్చాక, ఆ తలుపు గుండా మందుతో పాటు మరెన్నో సరుకులు లోపలికి రావడం మొదలైంది. అడగని బ్రౌజర్, అడగని ఆటలు, స్టార్ట్ మెనూలో ప్రకటనలు, అలవాటైన చోట నుంచి జరిగిపోయిన బటన్లు, ఆన్‌లైన్ ఖాతా తెరవమని పోరు, వీటిలో ఏదీ లోపాన్ని పూడ్చేది కాదు. 2016లో విండోస్ 7 వాడుతున్నవారిని విండోస్ 10కు మార్చడానికి వచ్చిన కిటికీ ఇందుకు పరాకాష్ఠ. ఏ కిటికీ మూలనైనా ఉండే ఇంటూ గుర్తు నొక్కితే వద్దన్నట్టేనని ఏళ్ల తరబడి నేర్పిన కంపెనీయే, ఆ ఒక్క కిటికీలో మాత్రం దాన్ని నొక్కినా ముందే పెట్టిన ముహూర్తానికి మార్పు జరిగేలా ఏర్పాటు చేసింది. కోరని ఆ మార్పు వల్ల వ్యాపారం దెబ్బతిన్నదని కాలిఫోర్నియాలో ఒక చిన్న ట్రావెల్ వ్యాపారి కోర్టుకెక్కి 10,000 డాలర్ల తీర్పు తెచ్చుకున్నారు. కంపెనీ అప్పీలును విరమించుకుంది. ఫోన్లలోనూ ఇదే జరిగింది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని ఒక అప్‌డేట్ ద్వారా తగ్గించిన సంగతి ఆపిల్ 2017 చివర ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. ఇలాంటివి జరిగిన ప్రతిసారీ నష్టపోయేది భద్రతే. మోసపోయానని అనుకున్న మనిషి మరుసటి నెల మందును కూడా అనుమానంగానే చూస్తాడు.

మందే వికటించిన సందర్భాలూ ఉన్నాయి. 2018 అక్టోబరులో వచ్చిన పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్ల ఫోల్డర్లను తుడిచేయడంతో దాన్ని కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. మన దుకాణాలకు ఎక్కువగా గుర్తుండేది మాత్రం 2021 నాటి ప్రింటర్ల గొడవ. రెండు సిస్టమ్‌లకు ఒకటే లేజర్ ప్రింటర్ ఉన్న చోట, ప్రింటర్ తగిలించిన సిస్టమ్ నుంచి రెండోది నెట్‌వర్క్ ద్వారా ప్రింటు ఇవ్వడం ప్రతి నెట్ సెంటర్‌లో ఉన్న ఏర్పాటే. విండోస్ ప్రింటు వ్యవస్థలో ఆ ఏడాది బయటపడ్డ ఘోరమైన లోపాలను పూడ్చే క్రమంలో సెప్టెంబరు అప్‌డేట్ దిగాక, రెండో సిస్టమ్ నుంచి ప్రింటు ఇవ్వబోతే చివర 11బి అని ఉండే ఎర్రర్ వచ్చి ఆగిపోయేది. హాల్ టికెట్ తెర మీద కనబడుతూనే ఉంటుంది, కాగితం మీదికి రాదు. అప్పట్లో వాడుకలో తిరిగిన వైద్యం ఆ అప్‌డేట్‌ను తీసేయడం, లేదా విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక విలువను సున్నా చేయడం. రెండూ ప్రింటు తెప్పిస్తాయి, రెండూ పూడ్చిన గండిని మళ్లీ తవ్వుతాయి. బల్ల ముందు మనిషి నిలబడి ఉండగా ఎవరైనా చేసేది అదే. దుకాణదారును తప్పుపట్టడానికి లేదు.

2024 జూలై 19 సంగతి కొంచెం వేరు. అది విండోస్ అప్‌డేట్ కాదు, క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు పంపిన చిన్న ఫైలు. అయితే అందరికీ ఒకేసారి, ఎవరినీ అడగకుండా పంపే పద్ధతి మాత్రం ఒకటే. గంటన్నర లోపే దాన్ని వెనక్కి తీసుకున్నా, అప్పటికే 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో కూలిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు దేశమంతా చూసింది. మరమ్మతులను మొదట కొద్ది శాతం యంత్రాలకు పంపి, ఏ చెరుపూ జరగలేదని తేలాకనే మిగతావాటికి వదలడం ఎందుకు అవసరమో చెప్పడానికి ఆ ఒక్క కాగితం చాలు.

అప్‌డేట్లు ఆపేసుకునేవారంతా తెలియనితనంతో ఆపుతున్నారనుకోవడం కూడా పొరపాటు. పెళ్లి కార్డుల డీటీపీ దుకాణాన్నే చూడండి. కార్డు డిజైన్ ఉన్నది పేజ్‌మేకర్ 7లో. అది 2001 నాటిది, ఆ తరువాత పెద్ద వెర్షన్ ఏదీ రాలేదు. తెలుగు కొట్టేది అను ఫాంట్లలో. అవి ఏ యంత్రంలోనైనా చదవగలిగే యూనికోడ్ పద్ధతివి కావు కాబట్టి ఆ ఫాంట్, ఆ కీబోర్డు సాఫ్ట్‌వేర్ లేని చోట పదేళ్ల నుంచి దాచుకున్న ఫైళ్లన్నీ అర్థం లేని గుర్తులుగా కనిపిస్తాయి. విఘ్నేశ్వరుడి బొమ్మ కింద శ్లోకం దగ్గర నుంచి విందు వేళ వరకు, ఒత్తులు కుదిర్చి, పేర్లు మాత్రం మార్చుకునేలా సిద్ధం చేసుకున్న వందలాది నమూనాలు ఆ యంత్రంలో ఉంటాయి. కొత్త విండోస్‌లో ఇదంతా ఇప్పటిలాగే నడుస్తుందని హామీ ఇచ్చేవారు ఎవరూ లేరు. మాఘమాసం ముహూర్తాల ముందు ఆ ఆపరేటర్ అప్‌డేట్‌ను ఆపేశాడంటే అతను తన కూటిని కాపాడుకుంటున్నాడు. అలాంటి యంత్రానికి నెట్ కేబుల్ పీకేసి, మెయిళ్లు, వాట్సాప్ ఫైళ్లు వేరే సిస్టమ్‌లో చూసుకోవడం తెలివైన పని. పెన్‌డ్రైవ్‌ల విషయంలో జాగ్రత్త మాత్రం తప్పదు.

మరికొన్ని కారణాలు ఊరికి, వాడకానికి సంబంధించినవి. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేక ఫోన్ హాట్‌స్పాట్ మీద ల్యాప్‌టాప్ నడిపే విద్యార్థికి రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ఉంటే, నెలవారీ మూట ఒక్కటే ఆ పూట పాఠాన్ని మింగేస్తుంది. ఆ వైఫైని మీటర్డ్, అంటే డేటాకు పరిమితి ఉన్న, కనెక్షన్‌గా గుర్తు పెడితే చాలావరకు ఈ బాధ తప్పుతుంది గానీ, ఆ సెట్టింగ్ ఉందని తెలిసినవారు తక్కువ. ఎండాకాలంలో కరెంటు పోయి వస్తున్నప్పుడు, యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఉన్న సిస్టమ్ 60 శాతం దగ్గర ఆరిపోతే చివరికి ఫార్మాట్ కొట్టించవలసి రావచ్చు. ఇక క్రాక్ విండోస్ సంగతి: దొంగ యాక్టివేషన్ ఊడిపోతుందన్న భయంతో అప్‌డేట్లను, యాంటీవైరస్‌ను రెండింటినీ చంపేసి ఇచ్చే యంత్రాలు తక్కువేమీ కావు. ఇతరుల ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు స్కాన్ చేసే చోట అలాంటి సిస్టమ్ ఉండటం క్షమించదగింది కాదు.

రీస్టార్ట్ చేయకుండా పని జరగదా అంటే, సాంకేతికంగా చాలావరకు జరుగుతుంది. అయితే నడుస్తున్న ప్రోగ్రామ్ వాడుతున్న ఫైలును విండోస్ సాధారణంగా మార్చనివ్వదు, కాబట్టి అన్నీ ఆగిన తరువాతే కొత్తది పెట్టగలదు. లినక్స్‌లో పాత ఫైలు వాడుకలో ఉండగానే దాని చోట కొత్తదాన్ని ఉంచవచ్చు. రీస్టార్ట్ అవసరమయ్యేది ముఖ్యంగా వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నెల్ మారినప్పుడే. ఆండ్రాయిడ్‌లో 2016 నాటి నోగట్ నుంచి మరో ఏర్పాటు ఉంది: అది ఉన్న ఫోన్‌లో వ్యవస్థకు రెండు గదులుంటాయి, మనం ఒక గదిలో పని చేసుకుంటుండగా రెండో గదిలో కొత్తది సిద్ధమవుతుంది, రీస్టార్ట్ అప్పుడు గది మారితే సరిపోతుంది, కొత్త గదిలో ఏదైనా తేడా వస్తే పాతదానికి తిరిగి రావచ్చు. రీస్టార్ట్ లేకుండా కొన్ని మరమ్మతులు వేసే హాట్‌ప్యాచ్ పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2025లో విండోస్ 11కు తెచ్చింది గానీ, పెద్ద సంస్థల ఎడిషన్‌కు మాత్రమే. బుధవారం పొద్దున దాని అవసరం ఎక్కువగా ఉన్నది హోం ఎడిషన్ వాడే చిన్న దుకాణానికి.

నిరసనలు కొంత ఫలించాయి. 2016లో పని వేళలు చెప్పుకునే సెట్టింగ్ వచ్చింది. ఉదయం 8 నుంచి రాత్రి 10 వరకు అని పెడితే ఆ మధ్యలో సిస్టమ్ తనంతట తాను రీస్టార్ట్ కాదు. 2019 మే నుంచి హోం ఎడిషన్‌లోనూ 35 రోజుల వరకు అప్‌డేట్లను నిలిపి ఉంచవచ్చు. కౌన్సెలింగ్ వారానికో, ముహూర్తాల వారానికో ఇది సరిపోతుంది. అసలు గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం ఐరోపా సమాఖ్య 2024లో చేసిన సైబర్ చట్టం ఇంతకన్నా స్పష్టంగా చెప్పింది. దాని ప్రకారం భద్రతా మరమ్మతులు వీలైన చోట ఆటోమేటిక్‌గా దిగేలా ముందే అమర్చి ఇవ్వాలి. వద్దనుకునేవారికి సులభమైన దారి, కాసేపు ఆపుకునే వీలు ఉండాలి. సాంకేతికంగా సాధ్యమైనంతవరకు భద్రతా మరమ్మతులను కొత్త హంగుల నుంచి వేరు చేసి ఇవ్వాలి. ప్రధాన నిబంధనలు 2027 డిసెంబరు నుంచి అమలవుతాయి. వేరు చేసి ఇవ్వాలన్న మూడో షరతే కీలకం. లోపాన్ని పూడ్చే మందును అడగకుండా వేయడానికి కాలువ కింది చెరువులు కారణంగా ఉన్నాయి, బటన్ రంగు మార్చడానికి, ప్రకటన పెట్టడానికి ఏ కారణమూ లేదు. రెండింటినీ ఒకే మూటలో కట్టినంత కాలం జనం మూటనే తోసేస్తారు. మన దేశంలోనూ ఇలాంటి షరతు రావాలి.

ఇంతలో మన దుకాణాల్లో కొత్త పరిస్థితి ఒకటి వచ్చిపడింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసింది. పేరు నమోదు చేసుకున్న వ్యక్తిగత వాడకందారులకు భద్రతా మరమ్మతులు 2026 అక్టోబరు 13 వరకు పొడిగించారు. భద్రతకు వాడే టీపీఎం 2.0 చిప్, కొత్త తరం ప్రాసెసర్ లేని పాత యంత్రాలను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు, మన సెంటర్లలో ఎక్కువగా ఉన్నవి అలాంటివే. నమోదు చేసుకోని ఆ యంత్రాలు ఇప్పుడు బుధవారం పొద్దున ఎవరినీ ఆపవు. చుక్కలు తిరగవు, శాతాలు కనబడవు, షట్టర్ ఎత్తిన ఐదు నిమిషాల్లో మొదటి ప్రింటు వస్తుంది. విండోస్ 11కు నెలనెలా వచ్చే మరమ్మతుల్లో చాలా భాగం 10, 11 రెండింటిలోనూ ఉన్న పాత కోడ్‌కు సంబంధించినవి. అంటే ప్రతి నెలా రెండో మంగళవారం రాత్రి, ఆ నిశ్శబ్దంగా ఉన్న యంత్రంలో గండి ఎక్కడుందో తెలిపే గుర్తులు ఇంకొన్ని లోకానికంతటికీ అందుతూనే ఉంటాయి.